ఆండ్రాయిడా.. ఐఫోనా? జవాబు కాదు, కారణం ముఖ్యం!

క్యాంటీన్‌లో నలుగురు కూర్చుంటే ఏదో ఒకరోజు ఈ వాదన రాకుండా ఉండదు. ‘ఐఫోన్ ముందు ఏదైనా దిగదుడుపే’ అని ఒకరంటారు. ‘ఆ డబ్బుతో ఫోనూ, ల్యాప్‌టాపూ రెండూ వస్తాయి’ అని మరొకరు అందుకుంటారు. టీ చల్లారేదాకా సాగి, ఎవరి ఫోన్ వాళ్లు జేబులో పెట్టుకుని లేచిపోవడంతో ముగిసిపోతుంది.

ఇదే ప్రశ్న గ్రూప్ డిస్కషన్‌లో వచ్చిందనుకోండి? లేదా ఇంటర్వ్యూలో ‘మీ ఫోన్‌లో ఒకే ఒక్కటి మార్చే అవకాశమిస్తే ఏం మారుస్తారు?’ అని అడిగారనుకోండి? ‘కెమెరా బాగుంటే బాగుండు’ అంటే అక్కడితో సరి. రోజుకు ఎన్నో గంటలు చూసే తెర గురించి రెండు నిమిషాలు పద్ధతిగా మాట్లాడలేకపోతే, చూడటమే తప్ప గమనించడం లేదని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. ఆ రెండు నిమిషాలకు కావాల్సిన సరుకు ఏమిటో చూద్దాం.

ఇద్దరే ఎందుకు మిగిలారు?

ఇవాళ మన దేశంలో వాడుతున్న ప్రతి వంద స్మార్ట్‌ఫోన్లలో 90కి పైగా ఆండ్రాయిడ్‌వే. మిగిలినవి దాదాపు అన్నీ ఐఫోన్లు. ప్రపంచం మొత్తం చూసినా ఈ రెండింటిదే రాజ్యం. కానీ మొదట్నుంచీ ఇలా లేదు. నోకియా ఫోన్లలో సింబియన్ ఉండేది. ఆఫీసు మనుషుల చేతిలో బ్లాక్‌బెర్రీ ఉండేది. 2007లో ఐఫోన్, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చాక లెక్కలు మారిపోయాయి.

వీటిలో ప్రత్యేకంగా చదవాల్సిన కథ విండోస్ ఫోన్‌ది. 2010లో వచ్చింది. కదిలే పలకల్లాంటి దాని హోమ్ స్క్రీన్‌ను డిజైనర్లు మెచ్చుకున్నారు. తక్కువ ధర ఫోన్లలోనూ తడబడకుండా నడిచేది. మరి ఎందుకు పోయింది? యాప్‌లు లేవు. వాడేవాళ్లు తక్కువని కంపెనీలు యాప్‌లు చేయలేదు. యాప్‌లు లేవని జనం కొనలేదు. ఈ చక్రంలో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్, 2015 జులైలో ఏకంగా 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేసుకుంది. 7,800 దాకా ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికి కంపెనీ పగ్గాలు హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. ఫోన్ల పోటీలో ఓటమిని ఒప్పుకుని క్లౌడ్ మీద దృష్టి పెట్టారాయన.

దీన్నుంచి ఉద్యోగార్థులు పట్టుకోవాల్సింది రెండు మాటలు. ఒకటి, తెర అందంగా ఉన్నంత మాత్రాన వ్యవస్థ నిలవదు, చుట్టూ యాప్‌లూ మనుషులూ ఉండాలి. రెండు, ఒక్క ప్లాట్‌ఫామ్ బటన్లే నేర్చుకున్నవాళ్లు ఆ ప్లాట్‌ఫామ్‌తోపాటే మళ్లీ మొదటికొస్తారు. మెమరీ ఎలా పనిచేస్తుంది, నెట్ పోయినప్పుడు యాప్ ఏం చేయాలి, మనిషి ఎక్కడ తికమకపడతాడు.. ఇవి తెలిసినవాళ్లకు సింబియన్ పోయినా పని పోలేదు.

కొత్త ప్రయత్నాలూ లేకపోలేదు. 2017లో వచ్చిన జియోఫోన్ కాయ్ ఓఎస్‌తో నడిచింది. హువావే తన హార్మొనీ ఓఎస్ కొత్త తరాన్ని 2024లో ఆండ్రాయిడ్ యాప్‌లతో పనిలేకుండా తెచ్చింది. ఐఐటీ మద్రాస్‌లో పురుడు పోసుకున్న సంస్థ 2023లో భార్ ఓఎస్‌ను చూపించింది. ప్రతిదాని ముందూ ఉన్నది విండోస్ ఫోన్‌ను ముంచిన ప్రశ్నే: యాప్‌లు ఎవరు చేస్తారు?

రూపు కలిసిపోతోంది.. తేడా ఎక్కడ?

పైపైన చూస్తే రెండూ ఒకదాన్నొకటి చూసి రాస్తున్నట్టే ఉంటాయి. పై నుంచి లాగితే నోటిఫికేషన్లు దిగే పద్ధతి ఆండ్రాయిడ్‌లో మొదట్నుంచీ ఉంది, ఐఫోన్‌కు 2011లో వచ్చింది. బటన్ లేకుండా వేలితో పైకి తోసి హోమ్‌కు వెళ్లడం 2017లో ఐఫోన్ టెన్‌తో మొదలైతే, 2019లో ఆండ్రాయిడ్ 10 దాన్ని పూర్తిగా అందుకుంది. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లు ఐఫోన్‌కు 2020లో వచ్చాయి. ఐకాన్లను నచ్చినచోట పెట్టుకునే వీలైతే 2024లో ఐఓఎస్ 18 దాకా రాలేదు. నోటిఫికేషన్ పంపాలంటే ముందు అడగాలన్న నియమం ఐఫోన్‌లో ఎప్పట్నుంచో ఉంటే, ఆండ్రాయిడ్‌లో 2022లో 13వ వెర్షన్‌తో వచ్చింది.

2025లో రెండూ కొత్త రంగు పూసుకున్నాయి. ఆండ్రాయిడ్ 16 జూన్‌లో వచ్చింది. 18 తర్వాత అంకె మార్చి 26 అని పేరు పెట్టుకున్న ఐఓఎస్ సెప్టెంబరులో వచ్చింది. ఐఓఎస్ 26లో గాజు పలకల్లా కనిపించే ‘లిక్విడ్ గ్లాస్’ రూపం చూసి అక్షరాలు చదవడం కష్టంగా ఉందని చాలామంది మొరపెట్టుకున్నారు. ఆ వెంటనే వచ్చిన 26.1లో పారదర్శకత తగ్గించుకునే ఆప్షన్ ఇచ్చింది యాపిల్. అందం ఎక్కువై చదవడం తగ్గితే ఎంత పెద్ద కంపెనీ అయినా వెనక్కి తగ్గాల్సిందే అనడానికి ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ తాజా ఉదాహరణ ఇది.

అసలు తేడా లోపల ఉంది. ఐఫోన్‌లో ఫోన్, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే కంపెనీవి. ఆండ్రాయిడ్‌కు పునాది గూగుల్ వేస్తుంది, దాని మీద శాంసంగ్, షావోమీ, ఒప్పో, వివో ఎవరి గోడలు వాళ్లు కట్టుకుంటారు. అందుకే ఇద్దరు స్నేహితుల దగ్గర ఒకే వెర్షన్ ఆండ్రాయిడ్ ఉన్నా, ఒకరికి తెలిసిన సెట్టింగ్ రెండోవాళ్ల ఫోన్‌లో వెతికినా దొరకదు. ధర, వైవిధ్యం దీని లాభం. గందరగోళం దీని నష్టం.

అప్‌డేట్ల దగ్గరా అంతే. 2019లో వచ్చిన ఐఫోన్ 11కు 2025 నాటి ఐఓఎస్ 26 అందింది. ఆండ్రాయిడ్‌లో 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. కానీ ఇవి ఖరీదైన ఫోన్లు. పది, పన్నెండు వేల ఫోన్లకు ఆ హామీ తరచూ అంతకంటే చాలా తక్కువ ఏళ్లే ఉంటుంది. ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెళ్లతోపాటు ‘సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు?’ అని కూడా అడగండి. బ్యాంకు ఖాతా, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మనకు రావాల్సిన మార్పులు నాలుగు

కంపెనీలు ప్రతి ఏటా కొత్తదనం చూపిస్తూనే ఉంటాయి. మన అవసరాల వైపు నుంచి చూస్తే మాత్రం ఈ నాలుగూ ముందు రావాలి.

1. తెలుగుకు సరిపడే తెర: ఆండ్రాయిడ్‌లో ఫోన్ మొత్తాన్ని తెలుగులో చూసుకునే వీలు 2014లో 5.0 వెర్షన్‌తో వచ్చింది. ఐఫోన్‌లో అది 2025లో ఐఓఎస్ 18.4తోగానీ రాలేదు. పదేళ్లకు పైగా తేడా! 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? ‘జ్ఞా’ అక్షరపు ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు ఆగిపోయాయి. యాపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. కారణం మన అక్షరం తప్పు కాదు. హల్లు, ఒత్తు, గుణింతపు గుర్తు కలిసి ఒక్క అక్షరంగా మారే పద్ధతిని ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకోలేకపోయింది.

ఇప్పటికీ యాప్‌లలో ఒత్తు కింద కోసుకుపోవడం, బటన్‌లో మాట సగమే కనిపించడం చూస్తూనే ఉంటాం. ఇంగ్లిష్ అక్షరానికి కొలిచి చేసిన డబ్బాలో, కిందికీ పైకీ చోటు కావాల్సిన తెలుగును కుక్కితే అంతే మరి. దానికి తోడు నోరు తిరగని అనువాదాలు. ‘డౌన్‌లోడ్’ అంటే అందరికీ అర్థమవుతుంది, ‘దిగుమతి’ అంటే ఓడలు గుర్తొస్తాయి. మనం మాట్లాడే తెలుగే తెర మీద కనిపించాలి.

2. ముఖ్యమైన కబురు మునిగిపోకూడదు: అప్పు కావాలా అని ఒకటి, బిర్యానీ మీద తగ్గింపు అని మరొకటి, ఆట ఆడి గెలవమని ఇంకొకటి. వీటి మధ్యలో ‘రేపు ఉదయం 10 గంటలకు మీ ఇంటర్వ్యూ’ అన్న మెయిల్ ఎక్కడో అడుగున. నోటిఫికేషన్లను రకాలుగా విడగొట్టే ఏర్పాటు ఆండ్రాయిడ్‌కు 2017లో, సమయం చూసి ఒక మూటగా ఇచ్చే ఏర్పాటు ఐఫోన్‌కు 2021లో వచ్చాయి. అయినా కొన్ని కంపెనీలు ప్రకటననూ పని కబురునూ ఒకే రకంలో కలిపేస్తుంటే ఆ ఏర్పాటు ఏం చేస్తుంది? పైగా కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. మెయిల్ వచ్చిందని మీకు రాత్రికిగానీ తెలియదు.

మార్పు వచ్చేదాకా ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో మీ మెయిల్ యాప్, ఉద్యోగాల యాప్‌లకు బ్యాటరీ పరిమితి తీసేయండి. షాపింగ్, అప్పుల యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. ప్లేస్‌మెంట్ సీజన్‌లో దీనికి పెట్టే ఐదు నిమిషాలు వృథా కావు.

3. మోసం ముందు ఆపే తెర: ‘మీకు ఉద్యోగం ఖరారైంది, ఈ యాప్ వేసుకుని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే ఫోన్‌కాల్స్ వచ్చేది ఎక్కువగా మీ వయసు వాళ్లకే. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయటి నుంచీ యాప్ వేసుకోవచ్చు. మన దేశంలో మామూలు ఐఫోన్ వినియోగదారుకు ఆ దారి లేదు. స్వేచ్ఛ ఉన్నచోట మోసానికీ సందు ఉంటుంది, తలుపు బిగిస్తే కంపెనీ పెత్తనం పెరుగుతుంది. ఆండ్రాయిడ్ 16 మధ్యేమార్గంగా ఒక పని చేసింది. పరిచయం లేని నంబరుతో కాల్ నడుస్తుండగా బయటి యాప్ వేయడం, ఫోన్‌ను పూర్తిగా చేజిక్కించుకునే అనుమతులు ఇవ్వడం లాంటివాటిని అడ్డుకుంటుంది. ఇలాంటి రక్షణ కొత్త ఫోన్లకే పరిమితం కాకుండా పాత ఫోన్లకూ అందాలి. హెచ్చరిక కూడా తెలుగులో, భయపడి ‘ఓకే’ నొక్కేలా కాకుండా ఆగి ఆలోచించేలా ఉండాలి.

4. అందరికీ పనికొచ్చే తెర: చూపు లేనివారికి తెరను చదివి వినిపించే వాయిస్ ఓవర్ ఐఫోన్‌లో 2009 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంది. కానీ యాప్ చేసినవాళ్లు బటన్‌కు పేరు పెట్టకపోతే అది ‘బటన్’ అని మాత్రమే చెబుతుంది. ఏ బటనో వినేవారికి ఎలా తెలుస్తుంది? ఖాతా తెరిచేటప్పుడు ‘కెమెరా వైపు చూసి కళ్లు ఆర్పండి’ అంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చేయాలి? ఈ సమస్య మీదే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తీర్పును తప్పకుండా నోట్స్‌లో రాసుకోవాలి.

డిజైనర్ ఒక్కరే కాదు, చట్టమూ గీస్తుంది

తెర ఎలా ఉండాలో కంపెనీ గదుల్లోనే తేలుతుందనుకుంటే పొరపాటు. భారత పోటీ కమిషన్, అంటే సీసీఐ, 2022 అక్టోబరులో గూగుల్‌కు రెండు జరిమానాలు వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లను కట్టగట్టి ఇస్తున్నందుకు రూ.1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల నిబంధనలకు రూ.936.44 కోట్లు. 2023 జనవరిలో గూగుల్ మన దేశంలో పద్ధతి మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. ఫోన్ కంపెనీలు తమకు కావాల్సిన గూగుల్ యాప్‌లనే తీసుకోవచ్చంది, సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే వీలు వినియోగదారుకు ఇస్తామంది. అప్పీలులో ఎన్‌సీఎల్ఏటీ 2023 మార్చిలో మొదటి జరిమానాను సమర్థిస్తూనే కొన్ని ఆదేశాలను పక్కన పెట్టింది. రెండోదాన్ని 2025 మార్చిలో రూ.216.69 కోట్లకు తగ్గించింది.

యూరప్‌లోనూ అంతే. అందరికీ ఒకే ఛార్జర్ ఉండాలన్న చట్టం తర్వాత 2023లో ఐఫోన్ 15 యూఎస్‌బీ-సీకి మారింది. 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడివాళ్లకు వేరే యాప్ స్టోర్లు వాడుకునే వీలొచ్చింది. గ్రూప్ డిస్కషన్‌లో ‘ఏది బాగుంది’ దగ్గరే అందరూ కొట్టుకుంటుంటే, మీరు ‘ఎంచుకునే హక్కు ఎవరి చేతిలో ఉండాలి’ అన్న వైపు మాట తిప్పితే చర్చ స్థాయే మారుతుంది.

మరి ఏది నేర్చుకోవాలి?

ముందు మీ బల్ల మీద ఏముందో చూసుకోండి. ఐఫోన్ యాప్ చేయడానికి వాడే ఎక్స్‌కోడ్ మ్యాక్ కంప్యూటర్ మీదే నడుస్తుంది. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి. ఆండ్రాయిడ్ స్టూడియో మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉచితంగా నడుస్తుంది. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు చాలు. కాబట్టి మ్యాక్ లేనివాళ్లు అప్పు చేయకుండా కోట్లిన్, జెట్‌ప్యాక్ కంపోజ్‌లతో మొదలుపెట్టొచ్చు. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్‌లలో ఒకసారి రాస్తే రెండు వైపులా పనికొస్తుంది. ఐఫోన్‌కు తయారుచేసే చివరి మెట్టులో మాత్రం మ్యాక్ కావాలి.

అలాగని మన దేశంలో ఐఫోన్లు తక్కువ కాబట్టి స్విఫ్ట్ దండగ అనుకోవద్దు. అమెరికాలో సగానికి పైగా చేతుల్లో ఉన్నది ఐఫోనే. అక్కడి క్లయింట్లకు పనిచేసే హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు ఐఓఎస్ వచ్చినవాళ్లు కావాలి. కాలేజీ ల్యాబ్‌లో మ్యాక్‌లు ఉంటే ఆ అవకాశం వదులుకోకండి.

కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో యాప్ విడుదల చేయాలంటే, ముందు 12 మందితో వరసగా 14 రోజులు పరీక్షించాలన్న నియమం ఉంది. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. మీ క్లాసులోనే 12 మంది దొరుకుతారు కదా! వాళ్లు ఎక్కడ ఆగారు, ఏం అడిగారు, మీరేం మార్చారు అన్నది రాసిపెట్టుకోండి. రెజ్యూమెలో ‘యాప్ చేశాను’ అన్న వాక్యం కంటే ఆ నోట్సే బరువుగా ఉంటుంది.

కోడింగ్ రాదా? ఫర్వాలేదు. యాప్‌లను పరీక్షించేవాళ్లు, తెర మీద మాటలు రాసేవాళ్లు, తెలుగులోకి తెచ్చేవాళ్లు, వికలాంగులకు పనికొస్తుందో లేదో చూసేవాళ్లు కూడా కావాలి. మంచి తెలుగు తెలిసి, ఫోన్ మీద పట్టున్న డిగ్రీ విద్యార్థికి ఇది సొంత గడ్డే.

ఇంకో మాట. ఉద్యోగం రాకముందే ఈఎంఐ మీద ఖరీదైన ఫోన్ కొనాలన్న తహతహ క్యాంపస్‌లలో కనిపిస్తోంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ ఫోన్ బ్రాండ్ చూసి మార్కులు వేయరు. చేతిలో ఉన్నది ఒక్కసారి ఖర్చుపెట్టగలిగే డబ్బే అయితే మంచి ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కు మొదటి ఓటు వేయండి. ఫోన్ రెండేళ్లాగినా నష్టం లేదు, నేర్చుకోవడం రెండేళ్లాగితే నష్టమే.

అడిగితే ఇలా చెప్పండి

‘ఆండ్రాయిడ్ మంచిది, ఎందుకంటే ఫీచర్లు ఎక్కువ’ అన్నది నిలవని జవాబు. ఈ వరస పాటించి చూడండి:

• ఎవరి సమస్య? ఉదాహరణకు, చదువు తక్కువున్న 55 ఏళ్ల రైతు.
• ఎక్కడ ఆగారు? డబ్బు పంపాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వెళ్లిందో లేదో తెలియక మళ్లీ పంపారు.
• ఎందుకు? నెట్ బలహీనంగా ఉందన్న సంగతి తెర చెప్పలేదు.
• ఏం మార్చాలి? ‘ఇంకా తేలలేదు, మళ్లీ పంపకండి’ అని పెద్ద అక్షరాల్లో తెలుగులో చూపాలి, చదివి వినిపించాలి.
• మారిందని ఎలా తెలుస్తుంది? ఒకే వ్యక్తికి నిమిషాల్లోనే రెండుసార్లు వెళ్లిన చెల్లింపులు తగ్గాలి.
• దేన్ని వదులుకుంటున్నాం? నిజంగానే రెండోసారి పంపాల్సినవాళ్లకు ఒక మెట్టు పెరుగుతుంది.

చివరి ప్రశ్నను ఎక్కువమంది వదిలేస్తారు. ప్రతి మార్పుకూ ఒక ఖర్చు ఉంటుందని తెలిసినవాళ్లను పనిలోకి తీసుకోవడానికి ఎవరూ వెనకాడరు.

ఈ వారం ఒక పని పెట్టుకోండి. మీ ఫోన్‌ను ఒక్కరోజు తెలుగులోకి మార్చి వాడండి. మర్నాడు టాక్‌బ్యాక్‌గానీ వాయిస్ ఓవర్‌గానీ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక ఉద్యోగ దరఖాస్తు నింపడానికి ప్రయత్నించండి. ఎక్కడెక్కడ ఆగిపోయారో కాగితం మీద రాయండి. ఆ జాబితాలో కనీసం పది లోపాలు తేలకపోతే ఆశ్చర్యమే. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని పైన చెప్పిన ఆరు ప్రశ్నలకూ జవాబు రాయండి. ఆ కాగితమే మీ మొదటి ప్రాజెక్టు.